పెట్టె మీద రాసిన పేరు

నాంపల్లి రైల్వే పోలీసు ఠాణా. 1967 జూలై 19, బుధవారం. ఉదయం పది గంటల పదిహేను నిమిషాలకు మొదలు. అడుగుతున్నవారు సబ్‌ఇన్‌స్పెక్టర్ జనార్దన్ గారు. రాస్తున్నవారు రైటర్ సదాశివ గారు.

నా పేరు సాయన్న. తండ్రి పేరు మల్లయ్య. వయసు నలభై ఆరు. ట్రంకు పెట్టెల మీద, దుకాణాల బోర్డుల మీద పేర్లు రాసే పని. కూర్చునే చోటు అబిడ్స్ పెద్ద పోస్టాఫీసు ఎదుటి ఫుట్‌పాత్, చెప్పుల దుకాణం మెట్ల పక్కన. ఇల్లు నాంపల్లి స్టేషన్ వెనక గల్లీలో. చదువు నాలుగో తరగతి. అయిదులో పంతులు గారి కుర్చీకి ఎర్ర రంగు పూశాను. ఆయన ధోవతితో పాటు నా చదువు కూడా అక్కడే పోయింది.

నా మాటలను రైటర్ గారు పుస్తకం భాషలోకి మార్చి రాస్తున్నారు. రాసుకోనివ్వండి. కానీ ఎవరు ఏం అన్నారో అది మాత్రం అన్నది అన్నట్టే రాయమని అడిగాను. ఈ కేసంతా ఒక ఆడమనిషి అన్న ఒక్క మాట మీద నడుస్తోంది. అది మారితే కేసు లేదు.

మొదలుపెట్టే ముందు గడియారం వైపు నాలుగుసార్లు చూశానని ఎస్సై గారు కోప్పడ్డారు. చూస్తాను. ఇవాళ పదకొండు లోపల దుర్గయ్య మద్రాసు దవాఖానలో తన బెడ్ దగ్గర ఉండాలి. లేకపోతే ఆ బెడ్ ఇంకొకరికి పోతుంది. మళ్లీ వంతు రెండు నెలలకు. రెండు నెలలు అతను ఆగలేడు.

దుర్గయ్య మా పక్కింటి మనిషి. వయసు యాభై. అబిడ్స్‌లో హర్రాజు దుకాణంలో వేలంపాట పాడేవాడు. పాత కుర్చీ అయినా, నవాబుల ఇంటి అద్దమైనా, అతను ‘ఒకటోసారి, రెండోసారి’ అంటే రోడ్డు అవతల నా కుంచె ఆగేది. ‘మూడోసారి’ అని బల్ల మీద తట్టేవాడు. సంక్రాంతి పోయినప్పటి నుంచి గొంతులో గడ్డ. ఇప్పుడు మాట లేదు. జావ తప్ప ఏదీ దిగదు. ఔనంటే ఒకసారి తడతాడు. కాదంటే రెండుసార్లు. మూడుసార్లు తట్టాడంటే పాట అయిపోయినట్టే, ఇంక ఎవరూ మాట్లాడకూడదు.

అతని భార్య శంకరమ్మ. నేను వదినె అంటాను. పెళ్లయి ఇరవై ఆరేళ్లు. మొగుని పేరు ఏనాడూ పలకలేదు. ఇది గల్లీ అంతటికీ తెలుసు. రేషన్ కార్డు రాసేవాళ్లు వచ్చి అడిగితే, “బోనాలెత్తే అమ్మవారు లేదా, ఆమె పేరు మొగోనికి పెడితే ఎట్లుంటదో గట్లనే రాసుకోండ్రి” అంది. వాళ్లు ‘పోచయ్య’ అని రాసుకుపోయారు. ఏడాది పాటు పోచయ్య చక్కెర తిన్నాం.

నేను ఊరుకునే మనిషిని కాను. “వదినె, మద్రాస్ దవాఖానల డాక్టర్ దొర వచ్చేముందు పెండ్లాం నిలబడి మొగని పేరు హర్రాజు లెక్క మూడుసార్లు పాడాలంట” అన్నాను ఒకరోజు. చీపురు తీసుకుని గల్లీ చివర దాకా తరిమింది. దుర్గయ్య అరుగు మీద కూర్చుని ఒకసారి తట్టాడు. కొట్టు అని.

జూలై 15, శనివారం, ఉదయం పదకొండుకు దవాఖాన నుంచి ఉత్తరం వచ్చింది. పందొమ్మిదో తారీఖు పదకొండు లోపల రావాలని. పన్నెండున్నరకు నేనూ శంకరమ్మా స్టేషన్‌లో రిజర్వేషన్ కిటికీ దగ్గర నిలబడ్డాం. రెండు గంటలు నిలబడ్డాక లోపలాయన ఇరవై ఏడు దాకా మద్రాసుకు పడుకునే చోటు లేదన్నారు. ఆయన తప్పు లేదు. పుస్తకం తిప్పి చూపించారు.

ఇంటికి వచ్చి ముగ్గురం కూర్చున్నాం. నేను ఏజెంట్ మాట ఎత్తాను. అబిడ్స్‌లో శ్యామ్‌సుందర్ గారని ఒకాయన మేడ మీద గది తీసుకుని సుఖయాత్ర ఏజెన్సీ నడుపుతున్నారు. ఏ రైలులోనైనా చోటు ఇప్పిస్తారని పేరు.

శంకరమ్మ ఒప్పుకోలేదు.

“ముఖం తెల్వనోని చేతుల పెట్టి పోవుడెందుకు? మామూలు డబ్బల ఎక్కుదాం. పెట్టె ఏసుకొని పెట్టె మీద ఈయనను కూసోపెడత. నేను కింద కూసుంట.”

“ఏంది వదినె, పదహారు గంటలు పెట్టె మీదనా? గాడ మనుషులు కిటికీలకెళ్లి దుంకుతరు. అన్న ఒక్కసారి దగ్గిండంటే ఎట్ల?”

“దగ్గితే నేనున్న.”

“నువ్వుంటవ్, గాలి ఉండాలె గద!”

“సాయన్నా, నీ తమాషాలు జర పక్కకు పెట్టి చెప్పు. గాయిన మంచోడేనా?”

మంచోడేనని చెప్పాను. నాకు తెలిసింది ఆయన బోర్డు మాత్రమే. రెండేళ్ల కింద దాన్ని రాసింది నేను. అయినా మంచోడేనన్నాను. దుర్గయ్య మా ఇద్దరినీ చూసి అరుగు మీద మూడుసార్లు తట్టాడు.

ఆ తట్టింది అతనే, కానీ చేతిని నేనే ఎత్తినట్టు రాసుకోండి.

జూలై 16, ఆదివారం, ఉదయం పది గంటలకు మేడ ఎక్కాం. శ్యామ్‌సుందర్ గారు చాయ్ తెప్పించారు. “ఫికర్ చేయకుండ్రి, రేపు సాయంత్రం రండి” అన్నారు. జూలై 17, సోమవారం, అయిదున్నరకు వెళితే రెండు టికెట్లు చేతిలో పెట్టారు. పద్దెనిమిదో తారీఖు సాయంత్రం నాలుగు గంటల పది నిమిషాల బండి. పడుకునే చోట్లు రెండు. శంకరమ్మ టికెట్లను కళ్లకు అద్దుకుంది.

అప్పుడు ఆయన చెప్పారు. చార్టులో పేర్లు రామచంద్రమూర్తి, వయసు యాభై ఒకటి. వసుమతి, వయసు నలభై నాలుగు. ఎవరైనా అడిగితే ఇవే చెప్పాలని.

“గీ రామచంద్రమూర్తి ఎవరు?” అంది శంకరమ్మ.

“ఎవరూ లేరమ్మా. కాయితం మీద పుట్టినోడు. ముందుగాల్నే నాలుగు పేర్లేసి చోటు పట్టి పెడతం, అవసరమున్నోళ్లకు ఇస్తం. రేపటి నుంచి ఎల్లుండి దాకా గాయినే మీ ఆయన అనుకోండ్రి.”

శంకరమ్మ టికెట్లను బల్ల మీద పెట్టేసింది. నేను తీసి జేబులో పెట్టుకున్నాను. ఆయన నాతో మరొక మాట అన్నారు. “పెట్టె మీద పేరు కూడా గిదే ఉండాలె. టీసీలు చూస్తరు. నువ్వు పేర్లు రాసేటోనివేనాయె.” ఈ మాట ఆయన అన్నారు. నన్నెప్పుడూ చూడలేదని ఇప్పుడు మీకు చెబుతున్నారట. ఆయన బోర్డు దించి ‘ఏజెన్సీ’ అన్న చోట చివరి అక్షరం కింద చూడండి. గోరంత చీమ ఉంటుంది. నేను ఏది రాసినా చివరి అక్షరం కింద చీమను పెడతాను. ఆ పెట్టె మీదా ఉంది.

మెట్లు దిగాక శంకరమ్మ పోస్టాఫీసు గోడ దగ్గర నిలబడిపోయింది.

“నా మొగని పేరే నేనెన్నడు ఎత్తలె. ఇంకో మొగోని పేరు చెప్పి గాయినే నా మొగడంటనా? సాయన్నా, గంత బతుకొద్దు.”

నేను ఆలోచించి చెప్పిన మాట ఇది. “రామచంద్రమూర్తంటే ఎవరే వదినె? భద్రాచలంల ఉన్నాయన. పొద్దుగాల లేస్తే రామ రామ అనవా? దేవుని పేరు తీస్తే పాపమా?”

నా జేబులోని టికెట్ల వైపు చూసింది. తరవాత, “దేవుడనుకొని చెప్పాల్నా?” అంది.

“దేవుడనుకొనే చెప్పు.”

ఆ రాత్రీ మరునాడు పొద్దున్నా నేను ఆమెకు నేర్పించాను. విరిగిన గొడుగు పట్టుకుని టీసీనయ్యాను. ఆమె బియ్యం ఏరుతుంటే వెనక నుంచి వెళ్లి “నీ మొగని పేరేంది?” అని గద్దించాను. మొదట నాలుక తిరగలేదు. తరవాత రామ దగ్గర ఆగింది. తరవాత మూర్తి దాకా వచ్చింది. నీళ్లు పడుతుంటే అడిగాను, జావ కాస్తుంటే అడిగాను, తలుపు సందులోంచి అడిగాను. పొద్దున తొమ్మిదికల్లా గొడుగు ఎత్తితే చాలు, తుపాకీ పేలినట్టు “రామచంద్రమూర్తి!” అనేది. గల్లీలో పిల్లలు కూడా అడిగిపోయారు. నేను నవ్వాను. ఆమె కూడా ఒకసారి నవ్వింది. దుర్గయ్య నవ్వలేదు. గోడ వైపు తిరిగి పడుకున్నాడు. అది నేను చూశాను. చూసి కూడా గొడుగు దించలేదు.

జూలై 18, మంగళవారం, మధ్యాహ్నం పన్నెండుకు పెట్టె ముందు కూర్చున్నాను. దాని మీద ‘హర్రాజు దుర్గయ్య, నాంపల్లి’ అని పదేళ్ల కింద నేనే రాశాను. దాని మీద నల్ల రంగు వేసి, తెల్ల రంగుతో ‘రామచంద్రమూర్తి, హైదరాబాద్’ అని రాశాను. ముసురు పట్టి ఉంది. ఆ రంగు ఆరడానికి ఒక పగలు పడుతుంది. నాకు తెలుసు. “అన్నా, నీ కొత్త పేరు ఇంకా పచ్చిగుంది, ముట్టకు” అన్నాను. దుర్గయ్య రెండుసార్లు తట్టాడు. ఏది కాదన్నాడో నాకు అప్పుడు అర్థం కాలేదు. ముట్టను అంటున్నాడనుకున్నాను.

మూడు గంటల నలభై నిమిషాలకు ప్లాట్‌ఫారం మీద ఉన్నాం. పెట్టె నా నెత్తి మీద. డబ్బా తలుపు దగ్గర టికెట్ కలెక్టర్ బుచ్చిబాబు గారు చార్టు పట్టుకుని నిలబడ్డారు. మూడు గంటల నలభై ఎనిమిదికి మా వంతు. టైము ఎలా తెలుసని ఎస్సై గారు అడిగారు. ఆయన తల వెనకే గడియారం ఉంది. నేను ఆయన ముఖం చూడలేక దాన్ని చూస్తున్నాను.

ఆయన మొదట దుర్గయ్యను అడిగారు, పేరేంటని. దుర్గయ్య నోరు తెరిచాడు. గాలి వచ్చింది. అందుకని శంకరమ్మను అడిగారు.

“ఏమ్మా, మీ ఆయన పేరేంటి?”

“రామచంద్రమూర్తి!”

తుపాకీ పేలినట్టు. నేను నేర్పినట్టు. ఒక్క అక్షరం తడబడలేదు.

బుచ్చిబాబు గారు చార్టులో టిక్కు పెట్టబోతూ ఆగారు. తలెత్తారు. ఆమె కాళ్ల పసుపు చూశారు, మెట్టెలు చూశారు, ముఖం చూశారు.

“ఇంకోసారి చెప్పమ్మా.”

“రామచంద్రమూర్తి!”

“మా ఆవిడ కాపురానికొచ్చి ముప్పై ఏళ్లయింది. ఇంతవరకు నా పేరు పలకలేదు. ఇరవై రెండేళ్ల సర్వీసు నాది. రోజూ అడుగుతాను. ఈ వయసు ఆడవాళ్లు కొంగు నోట్లో కుక్కుకుంటారు, పక్కవాళ్ల చేత చెప్పిస్తారు, వేళ్ల మీద చూపిస్తారు. మొగుడి పేరు ఒక్క ఊపులో చెప్పిన ఆడమనిషిని ఇవాళే చూస్తున్నాను” అన్నారు. తరవాత మెల్లగా, “నీ పేరేంటమ్మా?” అన్నారు.

నేను ఆమెకు వందసార్లు మొగుని పేరు నేర్పాను. ఆమె పేరు ఒక్కసారి కూడా నేర్పలేదు.

“శంకరమ్మ” అంది.

చార్టులో వసుమతి. ఆయన పెట్టె దించమన్నారు. వేలితో పేరు మీద రుద్దారు. వేలికి తెల్ల రంగు అంటింది. మూర్తి కొమ్ము చెదిరిపోయింది. అప్పటికి మూడు గంటల యాభై రెండు.

శంకరమ్మ కొంగు ముడి విప్పి దవాఖాన ఉత్తరం ఇచ్చింది. ఆయన ఇంగ్లీషులో చదువుకున్నారు.

“ఇందులో దుర్గయ్య అని ఉంది. ఈయన టికెట్లో రామచంద్రమూర్తి. పెట్టె మీద పచ్చి రంగు. ఈ ఉత్తరమైనా మీదేనని నాకెలా తెలియాలి? ఈయన ఎవరు?”

నేను “సార్, గాయిన…” అన్నాను.

“నువ్వు నోర్మూసుకో. ఆమె చెప్పాలి. చెప్పమ్మా, ఈయన అసలు పేరు నీ నోటితో చెప్పు.”

ఆమె చెప్పలేదు. మూడు గంటల యాభై నాలుగు. వెనక జనం తోస్తున్నారు. ఆమె పెదవులు కదిలాయి, మాట రాలేదు. మూడు గంటల యాభై అయిదు. అమ్మవారి పేరు అంటుందేమో అనుకున్నాను. బోనాలు అంటుందేమో అనుకున్నాను. అప్పుడు ఆ మాట అంటే అంతే సంగతి. చెప్పు వదినె, చెప్పు వదినె అని లోపల అనుకుంటున్నాను. ఇరవై ఆరేళ్లు చెప్పనిది చూసి నవ్విన నోటితోనే అనుకుంటున్నాను. మూడు గంటల యాభై ఆరు.

“దుర్గయ్య” అంది.

ఎవరికీ వినపడలేదు. మళ్లీ అంది.

“దుర్గయ్య. నా మొగడు దుర్గయ్య. అబిడ్స్‌ల హర్రాజు పాడే దుర్గయ్య. గొంతు పోయింది సారూ, ఆయన చెప్పలేడు. నేను చెప్తున్న. దుర్గయ్య.”

దుర్గయ్య ఆమె వైపు చూడలేదు. ఇంజను వైపే చూస్తున్నాడు. చెవిని మాత్రం ఆమె వైపు తిప్పాడు.

బుచ్చిబాబు గారు కొంచెంసేపు చార్టు చూస్తున్నట్టు నిలబడ్డారు. “ఈ టికెట్ల మీద ఎక్కనివ్వను. మామూలు డబ్బాకి టికెట్లు తెస్తే ఎక్కకుండా ఆపను. ఈ టికెట్లకి మాత్రం ఎవరో ఒకరు జవాబు చెప్పాలి” అన్నారు.

“నేను చెప్తా” అన్నాను. “పేరు రాసింది నేను. నేర్పింది నేను. ఏజెంట్ దగ్గరికి తోల్కపోయింది నేను.”

“పారిపోతే?”

“నా బతుకు పోస్టాఫీసు ముందటనే సార్. ఉత్తరం లెక్క ఏడికి పోయినా ఆఖరికి ఆడికే వస్త.”

అంత ఆపదలో కూడా ఎగతాళే వచ్చింది. ఆయన నవ్వలేదు. పరుగెత్తాను. మామూలు టికెట్లు రెండు తెచ్చేసరికి నాలుగు గంటల ఏడు నిమిషాలు. డబ్బాలో కాలు పెట్టే చోటు లేదు. పెట్టెకు వీపు ఆనించి కిటికీలోంచి లోపలికి తోశాను. నా చొక్కాకు పేరు అంటుకుంది. ఇదే ఆ చొక్కా. వీపు మీద చూడండి, ‘చంద్ర’ దాకా వస్తుంది. తలుపు దగ్గర ఉన్నవాళ్లను బుచ్చిబాబు గారు తన చేత్తోనే పక్కకు జరిపి దుర్గయ్యను ఎక్కించారు. అది రూలో దయో నాకు తెలియదు. ఆయన మీద నేను చెప్పేది ఇంతే.

బండి కదిలేటప్పుడు కిటికీలోంచి చూశాను. పెట్టె మీద దుర్గయ్య. కింద శంకరమ్మ. శనివారం ఆమె చెప్పినట్టే. ఏజెంట్ లేకుండా ముందే అలా ఎక్కి ఉంటే పాత పేరున్న పెట్టెతో ఎక్కేవారు. అతను పచ్చి పేరును అరచేత్తో రుద్దుతున్నాడు. కింద ఉన్నది కనపడేదాకా రుద్దుతాడేమో. రెండుసార్లు ఎందుకు తట్టాడో అప్పుడు అర్థమైంది.

ఇప్పుడు టైమెంత అని అడిగాను. పదకొండూ అయిదు అన్నారు రైటర్ గారు. ఇంక చెప్పడానికి ఏమీ లేదు. వాళ్లు వేళకు చేరుకున్నారో లేదో తెలియదు. దారిలో అతనికి ఏమైందో తెలియదు. రాత్రంతా ఇక్కడ బెంచీ మీద కూర్చుని దగ్గు వినపడినట్టయి రెండుసార్లు లేచాను. దగ్గింది కానిస్టేబుల్.

ఇక్కడ వాంగ్మూలం ఆగింది. మధ్యాహ్నం రెండు గంటల ఇరవై నిమిషాలకు మళ్లీ మొదలు.

రెండింటికి టెలిగ్రాం మనిషి వచ్చాడు. చిరునామా ‘సాయన్న, పేర్లు రాసేవాడు, పెద్ద పోస్టాఫీసు ఎదురు’. నేను లేకపోతే చెప్పుల దుకాణం వాళ్లు ఠాణాకు పంపించారు. నాకు ఇంగ్లీషు అక్షరాలు రాయడం వచ్చు, చదవడం రాదు. రైటర్ గారు చదివి చెప్పారు: ‘చేరినాము. దుర్గయ్యకు బెడ్ దొరికింది. శంకరమ్మ.’

ఇంకోసారి చదవమన్నాను. చదివారు.

టెలిగ్రాంలో మాటకింత అని తీసుకుంటారు. బెడ్ దొరికింది అంటే చాలు, ఎవరికో నాకు తెలుసు. ఆమెకు రాత రాదు. అక్కడ ఎవరినో బతిమాలి రాయించి ఉంటుంది. రాసినవాడు ఎవరికమ్మా అని అడిగి ఉంటాడు. అక్కడ నేను లేను, గొడుగు లేదు, టీసీ లేడు. ఆమె నోటితోనే చెప్పి ఉండాలి.

ఆపరేషన్ ఎప్పుడో ఇందులో లేదు. టెలిగ్రాంను కేసు కాగితాలతో పెట్టుకుంటామంటున్నారు. పెట్టుకోండి. కేసు అయ్యాక నాకు తిరిగి ఇవ్వాలని కూడా రాయండి.

ఇదంతా జరిగింది జరిగినట్టు చెప్పాను. ఎగతాళి చేసినచోట చేశానని ఒప్పుకున్నాను. నన్ను ఎవరూ కొట్టలేదు, ఆశ పెట్టలేదు. చదివి వినిపిస్తే విన్నాను. ఇందులో రామచంద్రమూర్తి, వసుమతి అనే రెండూ కాయితం మీద పుట్టిన పేర్లు. మిగతావన్నీ ప్రాణమున్న మనుషుల పేర్లు.

(సంతకం) సాయన్న

సంతకం చివరి అక్షరం కింద ఉన్నది సిరా మరక కాదు, చీమ. నా ఎదుట సాయన్నే వేశాడు. — సదాశివ, రైటర్.